నరసాపురం రేవు దగ్గరి బోటు సామాన్ల కొట్టు: ఫైబర్ బాడీ పాత కారు ఉన్నవాళ్లు ఒకసారి వెళ్లాల్సిన చోటు

ఫైబర్ బాడీ ఉన్న పాత స్పోర్ట్స్ కారును సొంతంగా బాగు చేసుకునేవాళ్లకు గోదావరి జిల్లాల్లో ఒక మంచి సౌకర్యం ఉంది. చాలామంది దాన్ని గమనించరు. మన తీరంలో ఒకప్పుడు తెప్పలు, చెక్క నావలు తిరిగిన చోట ఇప్పుడు ఎక్కడ చూసినా ఫైబర్ బోట్లే. బోటు ఒంటికి వాడే సామానే కారు ఒంటికీ వాడతారు. గాజుపీచు మ్యాటు, దాన్ని తడిపి గట్టిపరిచే పాలియెస్టర్ రెసిన్, పైన నునుపుగా, రంగుతో కనిపించే పూత జెల్‌కోట్, అంతే. ఆ సామాను మంచి సరుకుగా, తాజాగా, తెలిసినవాళ్ల చేతి మీదుగా దొరికే చోటు బోట్ల కొట్టే. కారు డెకరేషన్ షాపుల్లో చిన్న డబ్బాల్లో అమ్మే రిపేరు కిట్లు దీనికి సాటి రావు.

నేను చెప్పే కొట్టు నరసాపురంలో మాధవాయిపాలెం రేవుకు వెళ్లే దారిలో ఉంది. పేరు రాయొద్దని కొట్టాయన అడిగారు. వేట బోట్ల పనే తనకు చాలినంత ఉందట. రేవులో పంటు ఎక్కేవాళ్లను ఎవరినడిగినా, "బోటు మ్యాటు అమ్మే కొట్టు ఎక్కడండీ" అంటే వేలు పెట్టి చూపిస్తారు.

మాది పాలకొల్లు, లేసు వ్యాపారం. నరసాపురం మాకు 10 కిలోమీటర్లు. కారు శాన్ స్టార్మ్. గోవాలో తయారైన రెండు సీట్ల, పైకప్పు తీసేసే కారు. ఆ మోడల్ 1998లో వచ్చింది. లోపల రెనో వాళ్ల 1149 సీసీ ఇంజను, 60 గుర్రాల శక్తి. ఈ రోజుల లెక్కలో అది పెద్ద శక్తేమీ కాదు. ఒళ్లు ఫైబర్ కావడంతో కారు తేలిక, నేలకు దగ్గరగా కూర్చుంటాం, అందుకే దాన్ని నడపడం అంత బాగుంటుంది. మా ఆయన గోవాలో ఉద్యోగం చేసే రోజుల్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. నడపడం ఆయన పని, దాన్ని చూసుకోవడం మొదటి నుంచీ నా పని. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు దాటినప్పటి నుంచి ప్రతి ఐదేళ్లకూ రెన్యూవల్, ఫిట్‌నెస్ ఉంటాయి కాబట్టి పగుళ్లు వదిలేసి ఊరుకోవడం కుదరదు. అలాంటి కారుకు బాడీ ముక్కలు మార్కెట్‌లో దొరకవు. ఉన్నదాన్నే నిలబెట్టుకోవాలి.

పాలకొల్లు నుంచి ఎటు వెళ్లినా కాలవ గట్టు రోడ్లే. గుంతలు, స్పీడ్ బ్రేకర్లు. వెనక కుడి చక్రం మీది ఆర్చికి జానెడు పగులు వచ్చింది. ముందు ఒక సిటీ గ్యారేజీలో చూపించాం. వాళ్లు పగులు మీద లప్పం పెట్టి, రుద్ది, రంగు కొట్టి పంపారు. కొన్ని నెలలకే పగులు అదే గీత మీద మళ్లీ తేలింది. లప్పంలో పీచు ఉండదు. అదొక పొడి ముద్ద. చక్రం దగ్గర బాడీ అదిరినప్పుడల్లా కింద తెగిపోయిన పీచు విడివిడిగా కదులుతుంది, పైనున్న లప్పం చీలుతుంది. పైగా చాలా రకాల లప్పాలు తేమను పీలుస్తాయి. మన గాలిలో తేమకు కొదవలేదు.

ఆ పగులు ఫొటో పట్టుకుని ఈ కొట్టుకు వెళ్లాను. అరవై దాటిన పెద్దాయన, సన్నగా ఉంటారు, చొక్కా జేబులో ఎప్పుడూ స్టీలు స్కేలు. నేను రెసిన్ రెండు కిలోలు ఇవ్వమంటే, "ముందు ఏ పనికో చెప్పండమ్మా, కిలోల సంగతి తర్వాత" అన్నారు. ఫొటో చూసి, "పగులు మీదేం పూస్తారండీ, సంగతంతా పగులు వెనకాల ఉంటది" అన్నారు. మ్యాటు ఎంత వాడాలి, ఎన్ని పొరలు, రెసిన్ ఏ రకం అన్నీ అడిగి లెక్క కట్టాక నేనడిగిన దానికంటే తక్కువే ఇచ్చారు. ఈ ఒక్క గుణం చాలు ఆ కొట్టుకు మళ్లీ మళ్లీ వెళ్లడానికి.

సరుకు సంగతికి వస్తే, ఇక్కడ రెసిన్ రెండు రకాలు. నీళ్ల ట్యాంకులకు, బాత్రూం తలుపులకు వాడే మామూలు జీపీ ఒకటి. బోట్లకు వాడే ఐసో రకం రెండోది. ఐసో నీటికి ఎక్కువ తట్టుకుంటుంది. చక్రం ఆర్చి ఎప్పుడూ నీళ్లు చిమ్మే చోటు కాబట్టి నాకు ఐసోనే ఇచ్చారు. కిలోకు కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి. మ్యాటు 300, 450 గ్రాముల రకాలు, అంటే చదరపు మీటరుకు అంత బరువు. బోటు అడుగుకు వేసే 600 గ్రాముల నేత రోవింగ్ (గుడ్డలా నేసిన దళసరి గాజుపీచు) కూడా ఉంటుంది, కారు ఆర్చి ఒంపులకు అది సరిగా ఒదగదు, అడక్కండి. పైన నునుపు కోసం పలచటి టిష్యూ ఉంది. గాలి బుడగలు తీసే గీతల రోలర్ కూడా ఇక్కడే దొరికింది. ఆ రోలర్ లేకుండా పని మొదలుపెట్టొద్దు. లోపల మిగిలిన గాలి బుడగే రేపటి పగులుకు మొదలు.

తాజాదనం గురించి కాస్త వివరంగా చెప్పాలి. పాలియెస్టర్ రెసిన్ డబ్బా మూత తీయకపోయినా ముసలిదవుతుంది. చల్లటి చోట ఉంచితే కొన్ని నెలలు ఆగుతుంది, మన ఎండల్లో రేకుల షెడ్డులో పెడితే అంతకంటే త్వరగా చిక్కబడి, చివరికి జెల్లీలా మారుతుంది. కార్ల షాపుల్లో చిన్న డబ్బాలు ఎప్పటి నుంచి అరలో ఉన్నాయో ఎవరికీ తెలియదు. ఈ కొట్టులో ఆ సమస్య లేదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. ఆ రోజుల్లో బోట్లన్నీ ఒడ్డుకు లాగి రిపేర్లు చేసుకుంటారు. అందుకని మార్చి ఆఖరుకు కొట్టులోకి కొత్త పీపాలు దిగుతాయి. పీపా మీద తయారైన తేదీ చూపించమంటే చూపిస్తారు. మ్యాటు చుట్టలు ప్లాస్టిక్ సంచిలో, నేలకు ఎత్తుగా వేసిన చెక్క బల్లల మీద పెడతారు. చెమ్మ పట్టిన మ్యాటు రెసిన్‌ను సరిగా పీల్చుకోదు, తెల్లటి మచ్చలు వస్తాయి, రెసిన్ గట్టిపడటం కూడా చెడుతుంది. వరద గోదావరి పక్కన కొట్టు పెట్టుకుని సరుకును ఇంత పొడిగా కాపాడటం చిన్న విషయం కాదు.

కొన్నాక ఇంటికి పంపేయరు. ఎలా చేయాలో కొట్టు వెనక బోటు మీద చూపిస్తారు. ఆయన దగ్గర నేర్చుకుని నేను చేసిన పద్ధతి ఇది.

ముందు రూపాయి బిళ్లతో పగులు చుట్టూ తట్టాలి. పొరలు అతుక్కుని ఉన్న చోట టక్కుమని గట్టి శబ్దం వస్తుంది. పొరలు విడిపోయిన చోట బొంగురు శబ్దం వస్తుంది. పగులు జానెడే కనిపించినా బొంగురు శబ్దం అంతకంటే దూరం వెళ్లింది. అక్కడి దాకా పెన్నుతో గీత గీశాను. పగులు రెండు కొసల్లో సన్న డ్రిల్లు రంధ్రం వేస్తే అది ఇంకా పాకదు. తర్వాత చక్రం తీసి, లోపలి వైపు నుంచి గ్రైండర్‌తో వాలుగా అరగదీయాలి. మందానికి పన్నెండు రెట్ల వాలు మంచిదని లెక్క. మా కారుకు ఆ చోట బాడీ 3 మిల్లీమీటర్లు, అంటే పగులుకు రెండు పక్కలా 36 మిల్లీమీటర్ల దాకా వాలు. ఇంత ఎందుకంటే, ఎప్పుడో గట్టిపడిన పాత పాలియెస్టర్‌తో కొత్త రెసిన్ రసాయనికంగా పెద్దగా కలవదు. గరుకు తలాన్ని పట్టుకునే నిలుస్తుంది. తలం ఎంత ఎక్కువుంటే పట్టు అంత. పగులు మీద రెండంగుళాల మ్యాటు అంటించి ఊరుకునేవాళ్ల రిపేరు నిలవకపోవడానికి కారణం ఇదే.

మ్యాటును కత్తెరతో కత్తిరించొద్దని ఆయన గట్టిగా చెప్పారు. రోజూ కత్తెర పట్టే దాన్ని కాబట్టి నాకు ఇది మొదట వింతగా అనిపించింది, చేశాక అర్థమైంది. చేత్తో చింపితే అంచు పీచులుగా పలచబడి పక్క పొరలో కలిసిపోతుంది. కత్తిరించిన అంచు మెట్టులా నిలుస్తుంది. అన్నిటికంటే పెద్ద ముక్క ముందు వేసి, దాని మీద చిన్నవి వేసుకుంటూ రావాలి. మొదటి పొరే పాత బాడీని ఎక్కువ మేర పట్టుకోవాలి. రెసిన్ బరువు మ్యాటు బరువుకు రెండు నుంచి రెండున్నర రెట్లు. అంతకు మించి పోస్తే బలం పెరగదు, పెళుసుదనం పెరుగుతుంది.

రెసిన్ గట్టిపడటానికి కలిపే ద్రవం కాటలిస్టు. దాని కొలత దగ్గర అందాజా పనికిరాదు. రెసిన్ బరువులో ఒకటి నుంచి రెండు శాతం. అర కిలో రెసిన్‌కు ఒకటిన్నర శాతమంటే సుమారు 7 మిల్లీలీటర్లు. సూది తీసేసిన సిరంజితో కొలుస్తాను. ఎండాకాలంలో శాతం తగ్గించాలి. వేడి 10 డిగ్రీలు పెరిగితే చేతిలో ఉండే సమయం దాదాపు సగమవుతుంది. మన మే నెల మధ్యాహ్నం కప్పులో రెసిన్ కలిపి బ్రష్షు వెతుక్కునే లోపే గడ్డకట్టేస్తుంది. పొద్దున ఆరింటికి మొదలుపెట్టడం మేలు. వానాకాలంలో అసలు వద్దు. నాకు సంక్రాంతి దాటాక మార్చి దాకా ఉండే పొడి వాతావరణం బాగా కుదిరింది. సరుకు మార్చి ఆఖరులో కొత్తది వస్తుంది కాబట్టి, వీలైతే ఆ వారాలు చూసుకోండి.

పైపొర గాలి తగిలితే జిగురుగానే ఉండిపోతుంది. అది చెడిపోయిందని కంగారు పడి టెన్షన్ పెట్టుకోనక్కర్లేదు. పాలియెస్టర్‌కు గాలిలోని ఆక్సిజన్ పడదు. మీద పారదర్శక పాలియెస్టర్ షీటు కప్పి బుడగలు నొక్కేస్తే గట్టిపడుతుంది. చివరి జెల్‌కోట్‌లో మైనపు ద్రావణం కలిపితే కూడా సరిపోతుంది. అది ఈ కొట్టులోనే చిన్న సీసాల్లో ఇస్తారు.

ఇక ప్రాణానికి సంబంధించిన మాట. కాటలిస్టు, రెసిన్ గట్టిపడటాన్ని వేగం చేసే కోబాల్ట్ ద్రావణం, ఈ రెండూ ఎప్పుడూ నేరుగా కలవకూడదు. కలిస్తే భగ్గుమంటుంది, పేలిపోవచ్చు కూడా. కోబాల్ట్‌ను ముందు రెసిన్‌లో బాగా కలిపేయాలి, ఆ తర్వాతే కాటలిస్టు. కోబాల్ట్ ముందే కలిపిన రెసిన్ అడిగి తీసుకుంటే ఈ గొడవే లేదు, ఇంట్లో చేసేవాళ్లు అదే తీసుకోవాలి. కాటలిస్టు కంట్లో పడితే చూపు పోవచ్చు. కళ్లద్దాలు తప్పనిసరి, పడితే వెంటనే ధారగా నీళ్లతో కనీసం 15 నిమిషాలు కడిగి ఆస్పత్రికి పరుగెత్తాలి. మిగిలిన రెసిన్‌ను కప్పులో అలాగే వదిలేస్తే వేడెక్కి పొగ వస్తుంది, ఇసుకలో పలచగా పోసేయాలి.

ఇక్కడే ఈ కొట్టు మీద నా పెద్ద ఫిర్యాదు. కాటలిస్టును విడిగా అడిగితే తాగే నీళ్ల ఖాళీ సీసాల్లో పోసి ఇస్తారు. నీళ్లలాగే తెల్లగా ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో, చెరువు గట్టు మీద షెడ్డులో ఎవరైనా దాహానికి ఎత్తుకుంటే? ఈ మాట ఆయనతో నేరుగా అన్నాను. "బాబాయ్ గారూ, మీరింత జాగ్రత్త మనిషై ఉండి ఇదేంటండీ" అంటే, "బోటోళ్లు అలాగే అడుగుతారమ్మా, మీరన్నది నిజమే" అన్నారు. తర్వాత వెళ్లినప్పుడు కొన్ని సీసాలకు ఎర్ర టేపు చుట్టి కనిపించింది. అది చాలదు. సీసాలే మారాలి. అది మారేదాకా నేను ఈ కొట్టుకు నిండు మార్కులు వేయను.

ఇంకో లోటు, రక్షణ సామాను. పలచటి చేతి తొడుగులు తప్ప ఏమీ పెట్టరు. రెసిన్ నుంచి వచ్చే స్టైరీన్ వాసనకు బొగ్గు గుళిక ఉన్న మాస్కు కావాలి, కాయితం మాస్కు ఆ ఆవిరిని ఆపదు. గ్రైండింగ్ దుమ్ము ఒంటికి తగిలితే దురద రోజంతా వదలదు. పొడుగు చేతుల చొక్కా, మెడకు గుడ్డ చుట్టుకుని చేయాలి. మాస్కు నేను భీమవరంలో కొన్నాను. జెల్‌కోట్ రంగులు కూడా బోట్లకు నడిచే నీలం, తెలుపు, ఎరుపు, పసుపు ఇంతే. కారు రంగుకు కలవాలంటే తెల్ల జెల్‌కోట్ వేసి, మీద ప్రైమర్ కొట్టించి, రంగు వేరే చోట వేయించుకోవాల్సిందే. ఎపాక్సీ కావాలంటే ఇక్కడ ఆశ పెట్టుకోవద్దు. ఎపాక్సీ అతుకు ఇంకా గట్టిదే. కానీ ఇక్కడి మ్యాటులో పీచును కలిపి ఉంచే జిగురు పాలియెస్టర్ రెసిన్‌లోని స్టైరీన్‌కు కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు. రెండూ కలిపి ప్రయోగాలు చేయొద్దు.

రెసిన్, మ్యాటు కోసమే వెళ్లిన నాకు ఈ కొట్టులో అనుకోకుండా దొరికిన మంచి వస్తువు కరెంటు తీగ. ఇనుప బాడీ కార్లలో బాడీయే ఎర్తు. ఫైబర్‌లో కరెంటు పారదు కాబట్టి ప్రతి లైటుకూ విడిగా ఎర్తు తీగ ఉంటుంది. మన ఉప్పు గాలికి ఆ తీగ కొసలు పచ్చగా చిలుము పడతాయి. లైట్లు మసకబారతాయి, ఇండికేటర్ వేస్తే బ్రేకు లైటు కూడా మిణుకుమంటుంది. ఎలక్ట్రీషియన్లు బల్బులు మారుస్తూ పోతారు. బోట్లకు వాడే, తగరం పూత ఉన్న రాగి తీగ ఇక్కడ మీటర్ల లెక్కన దొరుకుతుంది. వెనక లైట్ల ఎర్తులన్నీ దాంతో మార్చి, కొసలకు గ్రీజు పెట్టాను. ఫిట్‌నెస్‌కు వెళ్లినప్పుడు లైట్ల గురించి ఒక్క మాట రాలేదు.

స్టెయిన్‌లెస్ బోల్టులూ ఉన్నాయి. 316 రకం కావాలని అడగండి, ఉప్పుకు నిలిచేది అది. అయస్కాంతం పెట్టి 304నీ 316నీ వేరు చేయలేరు, తల మీద ఏ4 అని ఉందో లేదో చూసుకోవాలి. ఏ2 అంటే 304. లైట్లకు, నంబరు ప్లేటుకు, బాడీ బ్రాకెట్లకు ఇవి బాగుంటాయి. సస్పెన్షన్, బ్రేకులు, సీటు బెల్టు బోల్టులు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వీటితో మార్చొద్దు. అక్కడ 8.8, 10.9 అని తల మీద ఉండే గట్టి బోల్టులే ఉండాలి. ఏ4-70 బోల్టు బలం 700 మెగాపాస్కల్స్, 8.8ది 800, 10.9ది 1000. మెరుపు చూసి మోసపోకూడదు. ఇదే మాట కొట్టాయన కూడా ఇంకో కస్టమర్‌తో చెబుతుంటే విన్నాను, "చక్రానికైతే నేనివ్వనండీ" అని.

ఖర్చు విషయానికి వస్తే, ఆర్చి పనికి రెసిన్, మ్యాటు, టిష్యూ, జెల్‌కోట్, రోలర్ అన్నీ కలిపి 2,000 రూపాయల లోపే అయింది, రంగు కాకుండా. రెసిన్ ధర మారుతూ ఉంటుంది కాబట్టి మీకు కాస్త అటూ ఇటూ కావచ్చు. బేరం ఆడితే ఆయన నొచ్చుకుంటారు, ఆడక్కర్లేదు కూడా. మిగిలిన మ్యాటు పొడిగా ఉంటే వెనక్కి తీసుకుంటారు. ఫోన్‌పే పనిచేస్తుంది. ఆర్చి ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూసింది, అంతే కాలవ గట్టు రోడ్డు తిరిగింది. పగులు గీత మళ్లీ రాలేదు. బిళ్లతో తడితే శబ్దం గట్టిగా ఉంది. తలుపు కీలు దగ్గర జెల్‌కోట్‌లో నక్షత్రంలా సన్న గీతలు కొన్ని ఉన్నాయి, అవి లోపలి పొరల దాకా వెళ్లలేదు. తర్వాతి పని అదే.

పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీ వాళ్లు ఇదే నరసాపురం, మాధవాయిపాలెం రేవుల్లో ఓడలు కట్టించుకున్నారు. ఒళ్లు గట్టిగా కట్టడం తెలిసిన ఊరు. ఇక్కడ ఆ పని ఇంకా చేతుల్లో ఉందని నాకు ఈ కొట్టు చూశాకే నమ్మకం కలిగింది.

వెళ్లాలనుకునేవాళ్లకు: ఏప్రిల్, మే నెలల్లో పొద్దున పూట బోటు మేస్త్రులతో కొట్టు కిటకిటలాడుతుంది, ఆయనకు మాట్లాడే తీరిక ఉండదు, సాయంత్రం నాలుగు దాటాక వెళ్లండి. పగులు ఫొటో బయటి వైపు నుంచీ లోపలి వైపు నుంచీ తీసుకెళ్లండి, బాడీ మందం కొలిచి రాసుకోండి, లేకపోతే ఆయన తిప్పి పంపుతారు. కాటలిస్టుకు దళసరి తెల్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ డబ్బా ఇంటి నుంచే పట్టుకెళ్లండి. ఇనుప డబ్బా పనికిరాదు. దాని మీద పెద్ద అక్షరాలతో విషం అని రాయండి. తిరిగొచ్చేటప్పుడు దాన్ని ఎండ తగలని చోట పెట్టుకోండి, కోబాల్ట్ విడిగా కొని ఉంటే దాన్ని వేరే సంచిలో పెట్టండి.